పోగుకీ పడవకీ ఒకే ముడి

షోలాపూర్ తూర్పు పేటల్లో మరమగ్గం మీద చద్దరు నేస్తుండగా పడుగులో పోగు తెగితే, యంత్రం ఆపి తెగిన కొసలు రెండింటినీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక ముడి వేస్తారు. చూసేవాళ్లకు వేళ్లు కదిలినట్టే ఉంటుంది, ముడి ఎప్పుడు పడిందో తెలియదు. ఆవగింజంత ముడి అది. అచ్చు కంటిలోంచి దూరాలి, పన్నె సందులోంచి జారిపోవాలి, నాడె పరుగెత్తిన ప్రతిసారీ వచ్చే కుదుపును ఓర్చుకోవాలి. అన్నీ ఓర్చుకుని గుడ్డలో కలిసిపోతుంది. చద్దరును ఎన్నేళ్లు ఉతికినా ఆ ముడి ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

జిగురు పూయలేదు, కాల్చి అతికించలేదు. ఉన్నదల్లా ఉత్త నూలు. మరి ఆ రెండు కొసలూ ఒకదాన్నొకటి ఎందుకు వదలవు?

దీనికి జవాబు దొరికితే ఇంకో ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. చిన్న తెరచాప పడవను రాత్రికి నీటిమీద వదిలి ఇంటికి వస్తాం. నడిరాత్రి గాలివాన వస్తుంది. తెల్లారేసరికి పడవ ఉన్నచోటే ఉండాలంటే దాన్ని ఎలా కట్టాలి? ముడి పట్టు వరకు మగ్గమూ పడవా ఒకే దారిలో నడుస్తాయి. అక్కణ్నుంచి విడిపోతాయి. పడవలు కొట్టుకుపోయేది ఆ విడిపోయిన దారిలోనే.

సముద్రానికి ఇంత దూరంలో పడవ మాటెందుకని అనుకోనక్కర్లేదు. షోలాపూర్ జిల్లా పొలాలకూ కుళాయిలకూ నీళ్లిచ్చే ఉజని జలాశయం భీమా నది మీద 1980లో పూర్తయింది. నిండితే 117 టీఎంసీల నీళ్లు. చేపల పడవలూ, ఈ గట్టు మనుషుల్ని ఆ గట్టుకు చేర్చే పడవలూ అందులో తిరుగుతుంటాయి. 2024 మే 21న కర్మాళా తాలూకా కుగావ్ నుంచి అవతలి గట్టున ఉన్న కలాశికి వెళ్తున్న పడవ, ఉన్నట్టుండి లేచిన గాలికి మునిగి ఆరుగురు చనిపోయారు. అది కట్టేసిన పడవ కాదు, నడుస్తున్న పడవ. అయినా ఈ ప్రాంతపు గాలి ఎంత తొందరగా విరుచుకుపడుతుందో ఆ సాయంత్రం చెప్పింది. ఎండాకాలం చివర దక్కన్ మీద ఉరుముల మబ్బు పట్టిందంటే నిమిషాల్లో గాలి దిక్కు మారుతుంది, బలం రెట్టింపవుతుంది. కట్టేసిన పడవకూ అదే పరీక్ష.

నేతకూ నీటికీ ఇంకో చుట్టరికం ఉంది. శ్రావణ పౌర్ణమినాడు షోలాపూర్ పద్మశాలీలు మార్కండేయుడి రథం ఊరేగిస్తారు, చేతికి నూలు దారం కట్టుకుంటారు. అదే రోజు మహారాష్ట్ర తీరంలో కోలీ మత్స్యకారులు సముద్రుడికి కొబ్బరికాయ సమర్పించి, వానాకాలమంతా కట్టేసి ఉంచిన పడవల కట్లు విప్పుతారు. ఒకే పున్నమికి ఒకచోట నూలు కడతారు, ఒకచోట మోకు విప్పుతారు.

లాగేకొద్దీ బిగిసే పట్టు

పత్తి పీచు పొడవు మామూలుగా రెండున్నర, మూడు సెంటీమీటర్లు. దాంతో వడికిన నూలు కిలోమీటర్ల పొడవు. ఆ పీచుల్ని పట్టి ఉంచుతున్నది పురి ఒక్కటే. పురి తిరిగిన పోగును లాగితే బయటి పీచులు లోపలి పీచుల మీద బిగుసుకుంటాయి. నొక్కుడు పెరిగితే రాపిడి పెరుగుతుంది, రాపిడి పెరిగితే జారడం ఆగుతుంది. ఇంకా లాగితే ఇంకా బిగుసుకుంటాయి. చివరికి పీచు తెగాల్సిందే తప్ప జారి బయటికి రాదు. పొట్టి పీచులు కలిసి పొడవాటి మోకు ఎలా అవుతాయన్న ఈ చిక్కు మీద గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి గ్రంథంలో చర్చ నడిపాడు. నూలు పేనిన ప్రతి ఇంటికీ చేతుల్లో తెలిసిన సంగతే అది.

ముడి కూడా ఈ సూత్రం మీదే నిలుస్తుంది. నేత ముడిని నెమ్మదిగా, లావుపాటి తాడుతో వేసి చూడండి. ఒక కొసను వెనక్కి మడవాలి. రెండో కొస ఆ మడతలోకి కింది నుంచి పైకి వచ్చి, మడత రెండు కాళ్ల వెనక నుంచి చుట్టి తిరిగి, తన కిందికే తాను దూరాలి. ఇప్పుడు రెండు వైపులా లాగండి. చుట్టిన తాడు మడత కాళ్లను దగ్గరికి నొక్కుతుంది. మడత తెరుచుకోవాలని చూస్తూ, చుట్టిన తాడును తన మెడ దగ్గర పట్టేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ చిన్న తోక. దాన్ని ఎవరూ పట్టుకోలేదు, దాని పైనున్న తాడే దాన్ని అదిమి పట్టింది. పైతాడును ఎంత లాగితే తోక అంత అణుగుతుంది. విప్పదీయాలని లాగిన బలమే ముడికి కాపలా కాస్తుందన్నమాట.

నావికులు ఈ ముడిని షీట్ బెండ్ అంటారు. అమెరికాకు చెందిన క్లిఫర్డ్ ఆష్లే 1944లో దాదాపు 3,900 ముళ్లు, అల్లికలు వివరిస్తూ ఒక పెద్ద గ్రంథం వేశాడు. నేత ముడి, షీట్ బెండ్ రూపంలో ఒకటేననీ, వేసే పద్ధతే వేరనీ అందులో ఉంది. వల కళ్లు అల్లేటప్పుడు మన రేవుల్లో మత్స్యకారులు వేసే ముడి కూడా ఇదే రూపం. ఇక పడవ మీద అన్నిటికన్నా ముందు నేర్పే ముడి బౌలిన్. దాని కడుపులో ఉన్నదీ ఈ అల్లికే. రెండు తాళ్లను కలిపే బదులు ఒకే తాడు కొసను తిప్పి తెచ్చి ఇదే అల్లిక వేస్తే, ఎంత లాగినా బిగుసుకుపోని కన్ను ఒకటి తాడు చివర తయారవుతుంది. గుంజకో కడియానికో తగిలించడానికి పనికొచ్చేది ఆ కన్ను.

బాక్సు: చుట్టుకు ఎంత బలం?

గుంజకు తాడు చుట్టి ఒక కొసను చేత్తో పట్టుకుంటే, అవతలి కొసను మనకన్నా ఎంతో బలవంతుడు లాగినా తాడు జారదు. చుట్టులో ప్రతి అంగుళమూ తన దగ్గరికి వచ్చిన లాగుడులో ఇంత శాతమని గుంజకు అప్పగించి, మిగిలినదాన్ని పక్క అంగుళానికి పంపుతుంది. ప్రతిచోటా కోత శాతంలో పడుతుంది కాబట్టి, చుట్లు పెరిగేకొద్దీ పట్టు చక్రవడ్డీలా పెరుగుతుంది. మామూలు పొడి తాడు, నున్నటి గుంజ అనుకుంటే, చేత్తో ఒక కిలో బలంతో పట్టుకున్న మనిషి ఒక చుట్టుతో అటువైపు ఆరు కిలోలను ఆపగలడు. రెండు చుట్లతో నలభై కిలోలు. మూడు చుట్లతో మూడు వందల కిలోలకు దగ్గర. గుంజ లావా, సన్నమా అన్నదానితో ఈ లెక్కకు పని లేదు, ఎన్ని చుట్లన్నదే లెక్క. లియోనార్డ్ ఆయిలర్ 18వ శతాబ్దంలో దీన్ని గణితంగా తేల్చాడు.

ఒక్క మెలిక మరిచిపోకూడదు. చేతి వైపు బలం సున్నా అయితే అవతలి వైపు ఆగేదీ సున్నాయే. సున్నాను ఎంతతో హెచ్చవేసినా సున్నాయే కదా. అందుకే ఎన్ని చుట్లు చుట్టినా తోకను ఏదో ఒకటి పట్టి ఉంచాలి.

సాంచె వెనక ఉన్న బ్రేకు

ఈ చుట్టు లెక్క చూడటానికి పడవ దాకా పోనక్కర్లేదు. సిరిసిల్ల వాళ్లు సాంచె అనే మామూలు మరమగ్గం వెనక్కి వెళ్లి చూస్తే చాలు. పడుగు చుట్టిన బీము చివర ఇనుప గాడి ఉంటుంది. దాని చుట్టూ గొలుసో తాడో తిప్పి, దాని కొసను ఒక మీటకు తగిలించి, ఆ మీటకు బరువులు వేలాడదీస్తారు. పడుగు బిగువుగా నిలవడానికి కారణం ఆ గొలుసు పట్టే. గుడ్డ ముందుకు చుట్టుకుంటున్నకొద్దీ పడుగు బీమును లాగుతుంది. లాగుడు ఒక హద్దు దాటగానే గొలుసు కింద బీము కాస్త జారి, అవసరమైనంత పడుగు వదిలి మళ్లీ ఆగుతుంది. కదలకుండా బిగించేస్తే పోగులు తెగుతాయి, మరీ వదిలేస్తే గుడ్డ పల్చబడుతుంది. కావలసింది ఆ రెంటికీ మధ్య జారే పట్టు.

నేసేవాళ్లు అక్కడ ఇంకో పని చేస్తారు. బీము ఖాళీ అయి సన్నబడేకొద్దీ మీట మీది బరువును జరుపుతారు లేదా తగ్గిస్తారు. బీము సన్నబడితే అదే బ్రేకును తిప్పడానికి పోగు మరింత బలంగా లాగాలి. బరువు అలాగే ఉంచితే బీము చివరికొచ్చేసరికి పోగులు పటపటమంటాయి. బిగువును గంట గంటకూ గమనించి సరిచేసే ఈ అలవాటు పడవ కట్టేవాడికి కూడా ఉండాలి. ఎందుకో నీటి మట్టం దగ్గర చెబుతాను.

గుంటమగ్గం రోజుల్లో కూడా పడుగు చివరి తాడును దూరాన గుంజకు తిప్పి, నేసేవాడి చేతికందేచోట కట్టుకునేవారు. అవసరమైనప్పుడు కాస్త వదిలి మళ్లీ కట్టేవారు.

పడవ మీదా ఇదే చుట్టు పనిచేస్తుంది. పడవ ముక్కు మీద రెండు కొమ్ములతో ఒక లోహపు ముక్క బిగించి ఉంటుంది. దాన్ని క్లీట్ అంటారు. తాడు దానికి ఎలా చుట్టాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. ముందు క్లీట్ మొదట్లో ఒక పూర్తి చుట్టు. లాగుడులో పెద్ద వాటా ఇక్కడే ఖర్చవ్వాలి. తర్వాత కొమ్ముల మీదుగా అడ్డంగా రెండు మూడు ఎనిమిది అంకెలు. చివర ఒక మెలిక తిప్పి కొమ్ముకు తగిలిస్తే తోక అణుగుతుంది. మొదటి చుట్టు వేయకుండా నేరుగా మెలికలతో మొదలుపెడితే భారమంతా మెలిక మీద పడి బిగుసుకుపోతుంది. ఆపదలో విప్పాల్సి వస్తే రాదు. గాలివానలో విప్పడానికి రాని కట్టు కూడా ప్రమాదమే.

మగ్గానికి చాలిన ముడి పడవకు ఎందుకు చాలదు?

పడుగు ఎప్పుడూ బిగువుగా ఉంటుంది. కుదుపులున్నా పోగు పూర్తిగా వదులవ్వదు. లాగుడు ఉన్నంతసేపూ నేత ముడికి కాపలా ఉంటుంది. గుడ్డలో కలిశాక చుట్టూ ఉన్న పేక పోగులు దాన్ని కదలనివ్వవు.

నీటిమీద అలా ఉండదు. అల వస్తే తాడు బిగుసుకుంటుంది, అల పోతే వేలాడిపోతుంది. రాత్రంతా వేలసార్లు ఇదే. వదులైన ప్రతిసారీ ముడిలో నొక్కుడు తగ్గుతుంది, నొక్కుడు తగ్గిన క్షణంలో తోక వెంట్రుకవాసి జారుతుంది. మరుసటి కుదుపుకు మరో వెంట్రుకవాసి. ఇలా జారుడు పోగై, ఒక దశలో ముడి ఉన్నట్టుండి విడిపోతుంది.

బూట్ల లేసుల ముడి నడుస్తుంటే ఎందుకు ఊడుతుందో కాలిఫోర్నియా బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో వేగంగా తీసే కెమెరాతో పరిశీలించి చూపారు. అడుగు నేలకు తగిలిన దెబ్బకు ముడి సడలుతుంది. కాలు ఊగినప్పుడు విడి కొసల విసురు వాటిని లాగుతుంది. రెండూ కలిస్తే చాలాసేపు ఏమీ కాదనిపించి, తర్వాత రెండు మూడు అడుగుల్లోనే ముడి మొత్తం ఊడిపోతుంది. పడవ తాడుకు అల దెబ్బ, గాలికి తోక కొట్టుకోవడం రెండూ ఉన్నాయి. సాయంత్రం గట్టిగా ఉన్న ముడి తెల్లారికి లేకపోవడంలో వింతేమీ లేదు.

2020 జనవరిలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన విశాల్ పాటిల్, యోర్న్ డుంకెల్, మథియాస్ కోలె బృందం సైన్స్ పత్రికలో ముళ్ల బలం మీద ఒక పరిశోధన ప్రచురించింది. వాళ్లు వాడినది ఒత్తిడి పడితే రంగు మారే పీచు. ముడిలో ఎక్కడ నలుగుతుందో రంగుతో కనబడుతుంది. తాళ్లు ఒకదాని మీద ఒకటి ఎన్నిసార్లు దాటాయి, దాటిన చోట్ల ఒకదాన్నొకటి ఎదురెదురు దిశల్లో మెలిపెడుతున్నాయా, పక్కపక్కన ఎదురు దిశల్లో జారుతూ రాసుకుంటున్నాయా అన్న సంగతులు చూస్తే ఏ ముడి గట్టిదో చెప్పొచ్చని తేల్చారు. మెలి ఒకే వైపు తిరిగితే తాళ్లు కలిసి దొర్లిపోతాయి, ఎదురెదురుగా తిరిగితే ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. మామూలుగా చూస్తే ఒకేలా కనబడే రెండు ముళ్లలో ఒకటి నిలిచి ఒకటి జారడానికి కారణం అదే.

నావికులు చేతి అనుభవంతో అందుకున్నదీ ఇదే. పడవ కట్టుకు నేత ముడిని ఉన్నదున్నట్టు నమ్మరు. రెండు తాళ్లు కలపాలంటే ఇంకో చుట్టు అదనంగా వేస్తారు. బౌలిన్ వేస్తే తోకను జానెడుకు పైగా వదిలి, దాన్ని పక్క తాడుకు మళ్లీ ముడేస్తారు. కడియానికి కట్టేటప్పుడు రెండు చుట్లు తిప్పి, పైన రెండు మెలికలు వేస్తారు. చుట్లు భారం మోస్తాయి, మెలికలు తోకను పట్టుకుంటాయి. నెలల తరబడి ఉండే కట్టుకైతే ముడే పెట్టరు. తాడు పేటల్ని విప్పి, వెనక్కి తిప్పి, అదే తాడులోకి అల్లుతారు. ముడి వేసిన తాడు దాని బలంలో మూడో వంతు నుంచి సగం దాకా పోగొట్టుకుంటుంది. వంపు తిరిగినచోట బయటి పీచుల మీదే భారమంతా పడటం దీనికి కారణం. అల్లిన కన్నులో నష్టం చాలా తక్కువ.

గాలి తోపు, అల కుదుపు

పడవ తెగిపోయిందంటే తాడు సన్నమైందని అందరూ అనుకుంటారు. లెక్క వేస్తే తాడు లావు అంత పెద్ద సమస్య కాదు.

గంటకు 36 కిలోమీటర్ల గాలి తనకు ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరునూ ఆరు కిలోల బరువంత బలంతో తోస్తుంది. వేగం రెట్టింపై 72 అయితే తోపు నాలుగింతలు, 24 కిలోలు. ఆరు మీటర్ల పడవ ముక్కును గాలికి ఎదురుగా పెట్టి నిలబడితే దాని ముఖం రెండు చదరపు మీటర్లు అనుకుందాం. తోపు యాభై కిలోల లోపే. అదే పడవ పక్కకు తిరిగి, ఎనిమిది చదరపు మీటర్లు గాలికి అప్పగిస్తే రెండు వందల కిలోలకు దగ్గర. కాబట్టి పడవను ముక్కు దగ్గరే కట్టాలి. ముక్కు కట్టి వెనక భాగం వదిలేస్తే గాలి దాన్ని తిప్పి తనకు ఎదురుగా తానే నిలబెట్టుకుంటుంది. రెండు కొసలూ కట్టేస్తే గాలి దిక్కు మారినప్పుడు పడవ తప్పించుకోలేదు. గాలికి తిరిగే చోటు ఉండాలి, ఆ గిరగిరలకు కట్టు మెలిపడకుండా మధ్యలో తిరిగే కడి ఉండాలి. పక్క పడవా, రాతి గట్టూ ఆ గుండ్రని చోటు బయటే ఉండాలి.

గాలి తోపు నిలకడగా ఉంటే యాభై కిలోల బలానికి చిటికెనవేలంత నైలాన్ తాడు కూడా తెగదు. తెంపేది కుదుపు. అర టన్ను బరువున్న పడవను అల ఎత్తి సెకనుకు ఒక మీటరు వేగంతో వెనక్కి విసిరిందనుకోండి. తాడు సాగకుండా అయిదు సెంటీమీటర్లలో దాన్ని ఆపాలంటే సగటున అర టన్ను బలం కావాలి. అదే తాడు ఒక మీటరు మేర సాగుతూ ఆపితే పాతిక కిలోలు చాలు. పడవ అదే, అల అదే. ఆపిన దూరం ఇరవై రెట్లు పెరిగింది, బలం ఇరవయ్యో వంతైంది.

అందుకే పడవ తాడుకు నైలాన్ వాడతారు. బలంగా లాగితే పది మీటర్ల నైలాన్ మీటరు దాకా సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. సాగని తాడు ఎంత గట్టిదైనా ఈ పనికి తగదని నా అభిప్రాయం. భారాన్నంతా తీసుకెళ్లి క్లీట్ మరల మీద పెడుతుంది, అవి చెక్కలోంచి ఊడి వస్తాయి. చవకగా దొరికే ప్లాస్టిక్ తాళ్లు ఎండకు చిట్లి పొడి రాలుతాయి. మన ఎండలో వాటిని నమ్మలేం.

గొలుసు చేసే మేలు వేరు. ఇనుము సాగదు, కానీ బరువుంటుంది. నీటి అడుగున వంపు తిరిగి పడి ఉన్న గొలుసును పడవ లాగితే ముందు ఆ వంపు లేవాలి. కుదుపు బలం గొలుసును ఎత్తడంలో ఖర్చవుతుంది. ఎత్తిన గొలుసు మళ్లీ కిందికి దిగుతూ పడవను నెమ్మదిగా వెనక్కి తెస్తుంది.

నీటి అడుగున దిమ్మ

బోయాకు కట్టిన పడవను చివరికి నిలబెట్టేది కంటికి కనబడదు. నీటిమీద తేలే బోయా, దాని కింద గొలుసు, గొలుసు చివర అడుగున దిమ్మ. చాలాచోట్ల కాంక్రీటు పోసి దించేస్తారు. గట్టున నూరు కిలోలు తూగిన కాంక్రీటు నీటిలో 58 కిలోలే. తనంత చోటులోని నీటి బరువును పోగొట్టుకుంటుంది కదా. అదే ఇనుమైతే నూరులో 87 కిలోలు మిగులుతుంది. గట్టున నలుగురు కష్టపడి ఎత్తారని దిమ్మను నమ్ముకోవడం పొరపాటు.

దిమ్మ బరువును మించి పనిచేసేది బురద. స్కాట్లండ్ తీరంలో బెల్ రాక్ దీపస్తంభం కడుతున్న రోజుల్లో, 1807లో, తాత్కాలికంగా దీపం మోసే ఓడ ఒకటి అక్కడ నిలిపి ఉంచాల్సి వచ్చింది. ఇంజనీరు రాబర్ట్ స్టీవెన్సన్ దానికోసం పుట్టగొడుగు ఆకారపు లంగరు చేయించాడు. తిరగేసిన గొడుగు లాంటి ఆ ఇనుము మెత్తటి అడుగులో మెల్లమెల్లగా కూరుకుపోతుంది, ఏ దిక్కు నుంచి లాగినా బురద వదలదు. ఒండ్రు పేరుకున్న చెరువులకూ జలాశయాలకూ సరిపోయే రకం ఇది. రాతి అడుగున మాత్రం దీనికి పట్టు దొరకదు.

గొలుసు పొడవు దగ్గరే ఉజని లాంటి చోట్ల అసలు చిక్కు. బురదలో కూరుకున్న దిమ్మనైనా లంగరునైనా పక్కకు లాగడం కష్టం, పైకి లేపడం తేలిక. గొలుసు పొట్టిగా ఉంటే అల వచ్చినప్పుడల్లా పడవ దిమ్మను పైకి లేపుతుంది. పొడవుగా ఉంటే లాగుడు అడ్డంగా పడుతుంది. శాశ్వతమైన కట్టుకు అత్యధిక లోతుకు మూడింతల పొడవు మంచిదంటారు. ఉజనిలో నిండు మట్టానికీ, వాడుకోగల నీరు అయిపోయే మట్టానికీ మధ్య ఆరు మీటర్ల దాకా తేడా. కరువు ఏడాదిలో ఇంకా దిగుతుంది. అప్పుడు జలాశయంలో మునిగిన పళస్‌దేవ్ పాత గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. ఎండాకాలం మట్టానికి కొలిచి వేసిన గొలుసు సెప్టెంబరు నిండుకు చాలదు. నిండుకు కొలిచి వేసింది మేలో మరీ వదులై పడవను గట్టు రాళ్ల దాకా తిరగనిస్తుంది. సాంచె మీట మీద బరువు జరిపినట్టే ఇక్కడా నీటి మట్టాన్ని బట్టి కట్టును సరిచేస్తూ ఉండాలి.

అన్ని పడవలకూ ఇంత తతంగం అక్కర్లేదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో పోటీలకు వాడే లేజర్ పడవ పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు. పందెం కాగానే దాన్ని చక్రాల బండి మీద గట్టెక్కిస్తారు. ఇద్దరు ఎత్తగలిగే పడవకు గట్టును మించిన కట్టు లేదు.

బాక్సు: బోయా దగ్గరికి ఎలా రావాలి?

తెరచాప పడవకు బ్రేకు లేదు. గాలే బ్రేకు. బోయాకు గాలివాటుగా కిందివైపు నుంచి వచ్చి, చివర్లో ముక్కును సరిగ్గా గాలికి ఎదురు తిప్పాలి. తెరచాప గాలిని పట్టడం మాని రెపరెపలాడుతుంది, పడవ తన వేగం తాను పోగొట్టుకుని బోయా దగ్గర ఆగుతుంది. ముందు ఒక తాడును క్లీట్‌కు చుట్టి నిలబడాలి, తెరచాప వెంటనే దించాలి, ఆ తర్వాత తీరిగ్గా రెండో తాడు కట్టాలి. గాలి వెనక నుంచి వస్తుండగా బోయాను చేత్తో పట్టుకుని ఆపబోతే పడవ ఆగదు, మనిషి నీళ్లలో పడతాడు. తాడును చేతికి ఎన్నడూ చుట్టుకోకూడదు. ముందు బాక్సులో చెప్పిన చుట్టు లెక్క చేతి ఎముకకు కూడా వర్తిస్తుంది. మొదటిసారి కుదరకపోతే తిరిగి వెళ్లి మళ్లీ రావడమే పద్ధతి.

గంజి నేర్పిన పాఠం

పడుగు పోగు గుడ్డ అయ్యేలోపు అచ్చు కంటికీ పన్నె ఈనెలకీ వేలసార్లు రాసుకుంటుంది. పచ్చి నూలు ఆ రాపిడికి నూగు లేచి, పీచు పీచుగా విడి తెగిపోతుంది. కాబట్టి నేతకు ముందు పడుగుకు గంజి పట్టిస్తారు. గంజి వల్ల పోగు కాస్త గట్టిపడేమాట నిజమే, అయితే దాని ముఖ్యమైన పని రాపిడిని తన మీద వేసుకోవడం. గుడ్డ నేయడం అయ్యాక ఉతికితే పోతుంది.

పడవ తాళ్లు ఎక్కువగా తెగేది ముడి దగ్గర కాదు, మధ్యలోనూ కాదు. పడవ అంచు దాటి వంపు తిరిగేచోట తెగుతాయి. అక్కడ సాగుతూ ముడుచుకుంటూ ఒకే జానెడు మేర రాత్రంతా రాసుకుంటుంది. నైలాన్ సాగుడు ఇక్కడ ఎదురుతిరుగుతుంది, ఎక్కువ సాగితే ఎక్కువ రాపిడి. తడిసిన నైలాన్ బలం కాస్త తగ్గుతుంది కూడా. అంచును గరుకు కాగితంతో నున్నగా చేయాలి. ఆ జానెడు మేరకు తోలో, పాత గొట్టమో, దళసరి కాన్వాసో చుట్టి దారంతో కుట్టాలి. అది అరిగితే అదే పారేస్తాం, తాడు మిగులుతుంది. రెండో తాడు కూడా ఉండాలి. దాన్ని వేరే క్లీట్‌కు, అంచు మీద వేరే చోటు నుంచి, మొదటిదానికన్నా కాస్త పొడవుగా కట్టాలి. మొదటిది తెగేదాకా అది రాసుకోదు, కొత్తగానే ఉంటుంది.

పడవ వదిలి వచ్చేముందు తెరచాపను ఊడదీసి గట్టుకు తెచ్చుకోవడం మంచిది. చుట్టి కట్టిన తెరచాప గాలికి విప్పుకుంటే గాలి తోపు ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. పైకప్పు లేని పడవకు వాన కూడా శత్రువే. ఎనిమిది చదరపు మీటర్ల పడవలో పది సెంటీమీటర్ల వాన కురిస్తే ఎనిమిది వందల లీటర్ల నీళ్లు చేరతాయి. అర టన్ను పడవ ఒక్క రాత్రిలో టన్నుకు పైగా అవుతుంది. ముందు చెప్పిన కుదుపు లెక్కలన్నీ అంతకంతా పెరుగుతాయి, అంచు నీటికి దగ్గరవుతుంది. టార్పాలిన్ కప్పి, నీరు నిలవకుండా మధ్యలో ఎత్తుపెట్టి కడితే సరిపోతుంది.

ఉజనిలోనో, మీ ఊరి చెరువులోనో పడవ ఉన్నవాళ్లకు నా విన్నపం ఒకటే. ఈ వానాకాలానికి ముందు ఒక పూట కేటాయించి, కట్టును పైనుంచి కిందిదాకా చూడండి. తాడు మొత్తం చూడలేకపోతే అంచు దగ్గరి జానెడు చూడండి. గొలుసు పైకి లాగి, ఒక కడి ఇంకో కడిలో కూర్చునే లోపలి వంపును వేలితో తడమండి, అరుగుదల మొదట అక్కడే. కడి మందంలో నాలుగో వంతు పోయిందంటే ఆ గొలుసు మార్చేయండి. వెళ్లేది బోయా దాకానే అయినా లైఫ్ జాకెట్ వేసుకోండి.